అటో ఇటో

మా అత్త బాత్రూములో జారిపడింది జ్యేష్ఠంలో. మా కొడుకు పెండ్లికి ముహూర్తం పెట్టుకున్నది శ్రావణంలో. ఈ రెండు సంగతులు పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, ఆ రెండు నెలలు మా ఇంట్లో అంత భక్తి ఎందుకు పొంగిందో ఎవరికైనా అర్థమవుతుంది.

కర్నూలు పాత ఊర్లో మాకు స్టీలు సామాన్ల అంగడి ఉంది. కింద అంగడి, పైన ఇల్లు. అత్తకు అప్పటికి ఎనభై మూడేండ్లు. మనిషి ఎండిన కందికట్టె మాదిరి ఉండేది గానీ నోరు మాత్రం పచ్చిమిరపకాయే. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చి ముప్పై ఏండ్లు దాటింది. ఇన్నేండ్లలో నా వంటలో ఉప్పు ఆమెకు ఎక్కువన్నా అయింది, తక్కువన్నా అయింది. సరిపోయిన దినం ఒక్కటీ లేదు.

ఎక్స్‌రే చూసి డాక్టరు చెప్పినాడు. తొంటి ఎముక చిట్లింది, ఆపరేషన్ చేస్తే గుండె తట్టుకోదు, మంచం మీదనే ఉంచండి, అయితే ఈ వయసులో మంచం పట్టినోళ్ళకు నెమ్ము చేరుతుంది, ఎప్పుడేమవుతుందో చెప్పలేం అని. బయటికొచ్చి వరండాలో నిలబడినాం. మా ఆయన నా వైపు తిరిగి మెల్లగా అన్నాడు.

"పత్రికలు అచ్చుకు ఇచ్చేసినాం గదనే."

ఆయన్ని నేను తప్పు పట్టలేదు. ఎట్ల పడతాను? నేను అప్పటికే మనసులో పంచాంగం తిరగేస్తాండా. మాలో ఇంటి పెద్ద పోతే ఏడాది దాకా పెండ్లి మాట ఎత్తకూడదు. పిల్లోడికి ముప్పై నిండినాయి. నాలుగేండ్లు వెతికితే దొరికిన సంబంధం. ఏడాది ఆగండి అంటే పిల్ల తరఫువాళ్ళు "అయ్యో, దాందేముంది" అని పైకి అంటారు, లోపల ఇంకో సంబంధం చూసుకుంటారు. వాళ్ళ జాగాలో ఉంటే మేమూ అదే పని చేస్తాం.

కాబట్టి దేవుణ్ణి పట్టుకున్నాం.

మా ఆయన తల నీలాలు మొక్కుకున్నాడు. ఇచ్చేటందుకు ఆ తల మీద పెద్దగా మిగిలింది లేకపోయినా మొక్కు మొక్కే. నేను ప్రతి శుక్రవారం అమ్మవారిశాలకు పోయి నేతిదీపం పెట్టేదాన్ని. కడపలో మా ఆడబిడ్డ, అంటే మా ఆయన అక్క, దినం తప్పకుండా నూటెనిమిది ప్రదక్షిణాలు మొదలుపెట్టి, అయిపోయిన వెంటనే ఆయాసపడుతూ ఫోను చేసేది.

"దశమి దాకా మాయమ్మను నిలబెట్టు తల్లీ అని మొక్కినా."

"దశమి దాకానేనా వదినా? పదహారు రోజుల పండగ కూడా ఉండాది గదా" అన్నాను నేను.

అవతల వేళ్ళ మీద లెక్కేసుకుంటాంది.

"అవును గదా. సరేలే, రేపట్నుంచి ఆ పండగ అయ్యేదాకా అని మారుస్తా."

అప్పుడు మాకిద్దరికీ నవ్వు రాలేదు. అంగడికి సరుకు ఆర్డరు పెట్టేటప్పుడు తేదీ సరిగ్గా చెప్పకపోతే ఏమవుతుందో మా ఇండ్లల్లో పుట్టినవాళ్ళకు తెలుసు. దేవుడి దగ్గర మాత్రం ఎందుకు అజాగ్రత్తగా ఉండాల?

నిజం చెప్పాలంటే అత్తకు ముప్పై ఏండ్లలో జరగని సేవ ఆ రెండు నెలల్లో జరిగింది. పొద్దున సగ్గుబియ్యం జావ, పదకొండుకు దానిమ్మ రసం, గంటకోసారి పక్కకు తిప్పడం, వీపుకు పౌడరు, గాలిపరుపు. చూడవచ్చిన చుట్టాలంతా నన్ను చూసి చేతులు జోడించినంత పని చేసినారు. "ఈ కాలంలో ఇట్లాంటి కోడలు యాడుందమ్మా!" అన్నారు. నేను తల వంచుకుని వినయంగా నిలబడేదాన్ని. ఆ తల వంచడం నాకు బాగా కుదిరింది. పక్కింట్లో బట్టలు కుట్టే ముస్లిం ఆమె ఉంది, నాకు చెల్లెలి మాదిరి. ఆమె కూడా ఒకరోజు వచ్చి అత్త కాళ్ళు పట్టి కూర్చుంది.

"నేనూ దువా చేస్తాండా అక్కా. ముసలామె లేసి తిరగాల అని."

"తిరగకపోయినా పర్వాలేదు తల్లీ. ఉంటే చాలు" అన్నాను.

ఆమె నన్ను ఒక రకంగా చూసింది. సూదికి దారం ఎక్కించేటప్పుడు చూస్తారే, కన్ను చిన్నది చేసి, అట్ల.

అత్తకు కూడా అనుమానం రాకపోలేదు. దానిమ్మ రసం గ్లాసు చేతిలో పట్టుకుని ఒకసారి అడిగింది. "ఇంత ప్రేమ ఇన్ని దినాలు యాడ దాచిపెట్టింటివమ్మే?"

పెండ్లి జరిగింది. అత్తను కుర్చీలో మోసుకొచ్చి మంటపం పక్కన కూర్చోబెట్టినాం. అక్షింతలు వేసింది. ఆమె వేసినవి పెండ్లికొడుకు మీద పడలేదు, వీడియో తీసే అతని మీద పడినాయి, అయినా అందరం చప్పట్లు కొట్టినాం. పదహారు రోజుల పండగ కూడా దాటింది. కొడుకు, కొత్తకోడలు వాళ్ళ ఉద్యోగాలకని హైదరాబాదు పోయినారు.

ఆ మరుసటి రోజు నుంచి దానిమ్మ రసం ఆగిపోయింది. ఆపాలని ఎవరూ అనలేదు. "సీజను అయిపోయినట్టుండాది" అన్నాడు మా ఆయన. నేనూ అవునన్నాను. సందు చివర బండి మీద దానిమ్మపండ్లు కుప్పగా పోసే ఉన్నాయి. గంటకోసారి తిప్పేది మూడు గంటలకోసారి అయింది. శుక్రవారం దీపానికి నెయ్యి పోయి నూనె వచ్చింది.

భాద్రపదంలో అత్తకు నెమ్ము చేరింది. తిండి మానేసింది. ఊపిరి తీస్తే మర పట్టినట్టు శబ్దం వచ్చేది. చుట్టాలు మళ్ళీ వచ్చినారు, ఈసారి వేరే మాటలతో. "ఎంత బాధపడతాందో పాపం. ఆ దేవుడు దయ తలిస్తే బాగుండు." దయ అంటే ఏమిటో ఎవరూ విడమరిచి చెప్పరు, అడగరు. జ్యేష్ఠంలో దేవుడి దయ అంటే ఆమె ఉండడం. ఆశ్వయుజం వచ్చేసరికి దేవుడి దయ అంటే ఆమె పోవడం. మధ్యలో దేవుడేమీ మారలేదు.

నా సంగతి చెప్తాను. దాచుకుంటే ఇది రాయడం దండగ.

నాతో పదో తరగతి చదివిన ఆడపిల్లలం పన్నెండుమంది వాట్సాపులో ఒక గుంపు పెట్టుకున్నాం. కార్తీకంలో అందరం కలిసి గండికోట పోవాలని, రెండు దినాలు అక్కడే ఉండాలని, అందరం పసుపుపచ్చ చీరలు కట్టుకుని లోయ పక్కన ఫోటో దిగాలని తీర్మానమైంది. చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది గానీ, నేను పెండ్లికో చావుకో తప్ప ఊరు దాటి ఎరగను. పోయినా మా ఆయన వెంటే. ఆ చీర కొనేసినాను. బీరువాలో మడత విప్పకుండా పెట్టుకున్నాను. గుంపులో దినం ఒకటే ప్రశ్న. "నువ్వు వస్తాండావా లేదా? వ్యాను మాట్లాడాల." ఏమని చెప్పాల?

రోజూ అత్త ఒళ్ళు తుడుస్తూ లెక్కలేసేదాన్ని. ఈ పక్షంలో అయితే పదకొండు దినాలు, తర్వాత నెలమాసికం ఒకటి. అది కూడా అయిపోయినాక పోవచ్చు. అత్త పోయి నెల దాటిందో లేదో విహారానికి పోయిందని అంటారేమో? "మనసు బాగాలేదు, కొంచెం మార్పు కావాల" అని చెప్పొచ్చు. అప్పుడు పాపం అని వాళ్ళే పంపిస్తారు. అంతదాకా ఆలోచించినాను. ఆ తర్వాత దేవుడి పటం ముందు నిలబడి "ఆమె బాధ చూడలేకుండా ఉండా స్వామీ" అని కండ్లనీళ్ళు పెట్టుకునేదాన్ని. అవి నిజం కన్నీళ్ళే. అదే నాకు ఇప్పటికీ విచిత్రం.

మా ఆయనది వేరే లెక్క. స్టీలు అంగళ్ళకు ఏడాదంతా ఒక ఎత్తు, ధనత్రయోదశి ఒక ఎత్తు. సరిగ్గా ఆ వారంలో అంగడి మూయాల్సి వస్తే ఎట్ల అని ఆయన బెంగ. పైకి మాత్రం "అమ్మ పండగ పూట కష్టపడకూడదు" అనేవాడు. ఆడబిడ్డ కడప నుంచి వచ్చి పదిహేను దినాలైంది. ఇంటికి పోవాలని ప్రాణం కొట్టుకుంటాంది, అక్కడ ఆమె మొగుడు హోటలు తిండి తింటాండాడు. పోనూ లేదు. తాను పోయిన మరునాడే తల్లి పోతే లోకం నోట్లో పడాల. అందుకని ప్రతి ఉదయం తల్లి గది వాకిట్లోకి వచ్చి తొంగి చూసి, "ఉండాదా?" అని అడిగేది. ఆ ఒక్క మాటలో ఆశ ఏది, భయం ఏది అని నేను విడదీయలేకపోయేదాన్ని.

ఒకరోజు వక్కలు కత్తిరిస్తూ ఆమే అన్నది. "మృత్యుంజయ హోమం చేపిస్తే అటో ఇటో తేలిపోతాదంట."

ముగ్గురం ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నాం. ఎంత మంచి మాట! పేరు చూస్తే చావును గెలిచే హోమం. ఎవరైనా వేలెత్తి చూపించగలరా? ఇక ఫలితం అంటారా, అది దేవుడి ఇష్టం.

సామి వచ్చినాడు. నడివయసు మనిషి, నాన్చకుండా మాట్లాడే రకం. హాలు మధ్యలో ఇటుకలు పేర్చి హోమగుండం చేసుకున్నాడు. అత్త పక్కగదిలో పడుకుని ఉంది, వాకిలి తీసే ఉంది. మూడు రోజులుగా కండ్లు తెరవలేదు, మందు మార్చినా మార్పు లేదు, ఆమెకు ఏమీ వినపడదులే అనుకున్నాం. మా ఆయన, నేను పీటల మీద కూర్చున్నాం. ఆడబిడ్డ వెనకాల కూర్చుంది. నలుగురైదుగురు చుట్టాలు కూడా ఉన్నారు. సామి గోత్రం అడిగినాడు, చెప్పినాం. పేర్లు అడిగినాడు, చెప్పినాం. నీళ్ళు ముట్టమని, అక్షింతలు చేతిలో పట్టుకోమని చెప్పి, ఆగినాడు.

"సంకల్పం ఏమని చెప్పమంటారు?"

మా ఆయన అక్క వైపు చూసినాడు. అక్క నా వైపు చూసింది. నేను కొబ్బరికాయ వైపు చూసినాను.

"అంటే... మంచి జరగాలని చెప్పండి సామీ" అన్నాడు మా ఆయన.

"మంచి అంటే ఏది నాయనా?" అన్నాడు సామి. "దీన్ని రెండు రకాలుగా చేపిస్తారు. కొందరు ఆయుస్సు పెరగాలని. కొందరు, ఇదిగో ఇట్లాంటి పరిస్థితిలో, కష్టం లేకుండా దాటిపోవాలని. రెండిట్లో తప్పేమీ లేదు. మంత్రం ఒకటే, సంకల్పం వేరే. మీరు చెప్తే నేను పలుకుతా. మీరు చెప్పకుండా నేను ఏదో ఒకటి పలికి, రేపు మీరు నన్ను అనగూడదు."

చుట్టాలు కూడా వాళ్ళ గోర్లు చూసుకుంటాండారు. నాలుగు నెలలుగా ఫోన్లల్లో, వంటింట్లో, పటాల ముందు ఎంతో సులువుగా అడిగిన మాట, ఒక్క మనిషి ముందు పైకి చెప్పమంటే ముగ్గురిలో ఒక్కరికీ నోరు పెగల్లేదు. దేవుడి సౌకర్యం అదే గదా, తిరిగి ప్రశ్న వేయడు. ఈయన వేసినాడు.

"చెప్పండప్పా, ముహూర్తం దాటిపోతాంది" అన్నాడు సామి.

అప్పుడు పక్కగది నుంచి గొంతు వచ్చింది. బొంగురుగా, ఊపిరికి ఊపిరికి మధ్య ఆగి ఆగి వచ్చింది, కానీ ప్రతి మాటా తెలిసింది.

"సామీ... నూరేండ్లు అని చెప్పు. గట్టిగా చెప్పు... మావోళ్ళకు యినపడాల."

సామి ముఖం విప్పారింది. "అట్లనే తల్లీ!" అని, కింద అంగడి దాకా వినపడేటట్టు, దీర్ఘాయుస్సు కోసం, ఆరోగ్యం కోసం అని సంకల్పం చెప్పినాడు. మేము ఆ మాటలను ఒక్కొక్కటే తిరిగి పలికినాం. మా చేతులతోనే నెయ్యి పోసినాం. పొగకు మా ముగ్గురి కండ్లల్లో ధారలుగా నీళ్ళు కారుతాంటే, వెనకాల ఒక చుట్టం ఇంకొకామెతో, "చూడు, తల్లి మీద ఎంత ప్రాణమో" అనడం నేను విన్నాను.

మూడో దినం అత్త ఉగ్గాని అడిగింది, మిరపకాయ బజ్జీతో సహా. వారానికి లేచి కూర్చుంది. హోమానికి రెండు రోజుల ముందు డాక్టరు మార్చిన సూదిమందు పని చేసిందని నాకు తెలుసు. కానీ ఆ డాక్టరు పేరు ఎవరూ ఎత్తలేదు. ఆడబిడ్డ కడపకు పోయి, "నేను చేపించిన హోమంతో మాయమ్మ లేసి కూర్చునింది" అని వీధి వీధంతా చెప్పుకుంది. మా ఆయనకు ధనత్రయోదశి నిర్విఘ్నంగా జరిగింది. అందరికీ అంతో ఇంతో దక్కింది. నాకే ఏమీ దక్కలేదు. గుంపులో "నేను రాలేను" అని పెట్టడానికి ఫోను తీసి, మళ్ళీ పక్కన పెట్టేసేదాన్ని.

అప్పుడు ఒకరోజు మధ్యాహ్నం అత్త తల దువ్వుతాండా. చిట్లిన ఎముక ఎంతో కొంత అతుక్కున్నట్టుంది, వాకరు పట్టుకుని నాలుగడుగులు వేసి వచ్చి, ఎండలో కూర్చుంది. జుట్టు పిడికెడు కూడా లేదు. ఉన్నట్టుండి అన్నది.

"నేనూ చేసినాలే అమ్మే. మా అత్తకు."

"ఏం చేసినావు?"

"కోడుమూరులో ఉండేటప్పుడు. ఆమె మంచం పట్టింటే, పదకొండు శనివారాలు నువ్వులనూనె దీపం పెడతానని మొక్కినా, తొందరగా తీసుకుపో స్వామీ అని. నాలుగో శనివారం దాటలేదు, పాయ." నా వైపు తిరిగి చూసింది. "నీ పూజలో పస లేదు."

కోపం రావాల్సిన చోట నాకు నవ్వు వచ్చింది, నవ్వు వచ్చిందని ఏడుపు వచ్చింది.

"నాకు బియ్యం గది తాళాలు కావాల్సుండె" అన్నది అత్త. "పిల్లోనికి గుప్పెడు బెల్లం పెట్టాలన్నా ఆమెను అడగాల. అందుకు. నీకేం కావాల్సి వచ్చింది? తాళాలన్నీ నీ దగ్గరే ఉండాయి గదా."

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. ముప్పై ఏండ్లు అదే చేసినాను. ఆ రోజు ఎందుకో నోరు జారింది.

"గండికోట."

"యాడికి?"

"గండికోటకు. మా క్లాసు పిల్లలంతా పోతాండారు. రెండు దినాలు."

అత్తకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. దగ్గు వచ్చేదాకా, నేను వీపు రుద్దేదాకా నవ్వింది. ఊపిరి సర్దుకున్నాక అడిగింది.

"నన్ను అడిగింటే పోయిరాపో అనింటా గదమ్మే. దేవుని దాకా యాల పోతివి?"

ఈ ప్రశ్నకు నేను ఇప్పటికీ జవాబు వెతుకుతాండా. ఆమెను అడిగితే కాదంటుందని భయమా? కాదు. కాదంటే పడతా, అలవాటే. అవునంటే నేను ఆమెకు ఋణపడాల, అది ఒప్పుకోలేకపోయినానేమో. దేవుణ్ణి అడిగితే ఆ బాధ లేదు. ఒక మనిషి ప్రాణం తీసుకోమని అడగడం నాకు ఆ మనిషిని సెలవు అడగడం కంటే సులువుగా తోచింది. నేను చెడ్డదాన్నని చెప్పడం లేదు. నా అంత మంచి కోడలు ఈ కాలంలో యాడుందని అందరూ ఒప్పుకున్నారు కదా.

కడపకు అత్తే ఫోను చేసింది. "రెండు దినాలు వచ్చి ఉండు. కోడలు ఊరికి పోవాల" అని కూతురికి చెప్పింది. తల్లిని బతికించుకున్నానని ఊరంతా చాటుకున్న మనిషి రానని ఎట్ల అంటుంది? వచ్చింది, మూతి ముడుచుకునే.

గండికోటలో గాలి ఎక్కువ. పన్నెండుమంది పసుపుపచ్చ చీరల కొంగులు పన్నెండుమంది ముఖాల మీద పడి, ఫోటోలో ఎవరు ఎవరో తెలియదు. లోయ అంచుకు పోవడానికి బండల మీద ఎక్కాల, మా మోకాళ్ళు ఒప్పుకోలేదు. కింద పెన్న సన్నగా పారుతాంది. నేను మొదటి పూటలోనే ఇంటికి నాలుగుసార్లు ఫోను చేసినాను. కోట లోపలి గుళ్ళో దేవుడు లేడు, ఎప్పుడో పోయినాడు, గర్భగుడి ఖాళీగా చీకటిగా ఉంది. అయినా మేమంతా వరసగా నిలబడి చేతులు జోడించినాం, కండ్లు మూసుకున్నాం. నేనూ మూసుకున్నా. ఏం అడగాలో తోచలేదు. పక్కనామె పెదవులు గబగబా కదులుతానే ఉన్నాయి. ఏం అడుగుతాంది అని అడిగితే ఏమనుకుంటుందో అని ఊరుకున్నాను.

అత్త ఆ తర్వాత రెండేండ్లు పైనే ఉంది. ఉప్పు ఎప్పటిలాగే సరిపోలేదు. మాఘంలో ఒక పొద్దున కాఫీ తాగి, గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి అట్లనే పోయింది. ఆ వారంలో మేమెవరం దేవుణ్ణి ఏమీ అడగలేదు, అవసరం రాలేదు. పదకొండో దినం ఆడబిడ్డ వచ్చినోళ్ళందరికీ చెప్పింది. "సుఖమైన చావు ఇయ్యమని నేను మొక్కని దేవుడు లేడు."

భోజనాలయినాక చుట్టాల్లో పెద్దామె నన్ను దగ్గరికి పిలిచి కూర్చోబెట్టుకుంది.

"ఆఖర్న నువ్వే గదా దగ్గరుంటివి. ఏమన్నా కోరిక చెప్పిందా?"

చెప్పింది. ఇంకో గ్లాసు కాఫీ కావాలన్నది. ఒక్కసారే ఇయ్యమన్నాడు డాక్టరు అని నేను అన్నాను. "పో, పిసినారిదానా" అన్నది. అవే ఆమె ఆఖరి మాటలు. నేను గ్లాసు తీసుకుని వంటింట్లోకి పోయినాను.

పెద్దామె నా చెయ్యి పట్టుకుని ఎదురుచూస్తాంది. చుట్టూ అందరూ మాటలు ఆపినారు.

"అందరూ సల్లగా ఉండాల అనింది" అన్నాను, తల వంచుకుని.

"మహాతల్లి" అన్నారు అందరూ. ఆడబిడ్డ కొంగుతో కండ్లు ఒత్తుకుంది.